అలాస్కా ఉప ఎన్నిక: ‘గ్రామీణ ఓటరు’ పేరిట వస్తున్న విశ్లేషణలు ఎంతవరకు నిలుస్తాయి?

గోదావరి గట్టు | 2022 సెప్టెంబరు 2

అమెరికా ప్రతినిధుల సభలో అలాస్కాకు ఉన్నది ఒకే ఒక్క స్థానం. 1973 నుంచి దాన్ని వదలకుండా నిలబెట్టుకున్న రిపబ్లికన్ డాన్ యంగ్ ఈ మార్చిలో మరణించారు. ఆగస్టు 16న ఉప ఎన్నిక జరిగింది, మొన్న 31న ఫలితం వచ్చింది. మాజీ గవర్నర్ సారా పేలిన్ ఓడిపోయారు. డెమోక్రాట్ మేరీ పెల్టోలా గెలిచారు. ఆమె యూపిక్ తెగకు చెందినవారు, కస్కోక్విమ్ నది ఒడ్డున ఉన్న బెతెల్ పట్టణవాసి. అలాస్కా ఆదివాసుల్లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి వ్యక్తి ఆమే. 2020లో ట్రంప్‌కు పది శాతం ఆధిక్యం ఇచ్చిన రాష్ట్రంలో ఇలా జరగడంతో, ఈ రెండు రోజులుగా పత్రికల నిండా వ్యాఖ్యానాలే కనిపిస్తున్నాయి.

నాకు అవి మూడు రకాలుగా కనిపించాయి. గ్రామీణ అమెరికా రిపబ్లికన్ పార్టీకి దూరం కావడం మొదలైందని కొందరు అంటున్నారు. గర్భస్రావ హక్కును రద్దు చేస్తూ జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు ఇది జవాబని మరికొందరు అంటున్నారు. ఆర్కాన్సా సెనేటర్ టామ్ కాటన్ వంటివారైతే తప్పంతా అభ్యర్థులకు ఒకటి, రెండు అని వరుస ఇచ్చే ప్రాధాన్య ఓటు విధానానిదేనని, అది ఒక మోసమని తేల్చేశారు. ఈ మూడింటిలో మొదటిదాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. పల్లె ఓటరు గురించి ఈ ఫలితం నిజంగా ఏమైనా చెబుతోందా? చెబితే ఏ పల్లె గురించి? అలాస్కాలో ఉంటున్న సభ్యులు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. దేశ రాజధానిలో కూర్చుని రాసినవి చదివి చదివి విసుగు పుట్టింది.

లెక్కల పంతులు | 2022 సెప్టెంబరు 2

ముందు అంకెలు చూసి, ఆ తర్వాత కారణాలు వెతుకుదాం. మొదటి ప్రాధాన్య ఓట్లలో పెల్టోలాకు 75,799, పేలిన్‌కు 58,973, మరో రిపబ్లికన్ నిక్ బెగిచ్‌కు 53,810 వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి మూడో స్థానంలో ఉన్న బెగిచ్‌ను తొలగించి, ఆయన ఓట్లలోని రెండో ప్రాధాన్యాన్ని లెక్కించారు. వాటిలో 27,053 పేలిన్‌కు, 15,467 పెల్టోలాకు వెళ్ళాయి. మిగిలిన 11,290 మంది రెండో ప్రాధాన్యం రాయనే లేదు, వారి ఓటు అక్కడితో ఆగిపోయింది. చివరికి పెల్టోలా 91,266, పేలిన్ 86,026. తేడా 5,240.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు చూసిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. 2021 మార్చిలో నల్లగొండ–ఖమ్మం–వరంగల్ స్థానానికి ఎలిమినేషన్ల మీద ఎలిమినేషన్లు చేస్తూ రోజుల తరబడి లెక్కింపు సాగింది కదా, అదే పద్ధతి. దాన్ని మోసం అనడం నాకు సమ్మతం కాదు. మొత్తం రిపబ్లికన్ ఓటు లక్షా పన్నెండు వేలు దాటినా వారు ఓడిపోయారంటే, బెగిచ్‌కు ఓటేసిన వారిలో దాదాపు సగం మంది పేలిన్‌ను తమ రెండో ఎంపికగా కూడా కోరుకోలేదని అర్థం. పేలిన్ 2009లో పదవీకాలం మధ్యలోనే గవర్నర్‌గిరీ వదిలి వెళ్ళిన సంగతి అక్కడివారు మరిచిపోయి ఉండరు.

ఈ తేడాను పల్లెలు తెచ్చాయా అంటే, అవి ఒక్కటే తెచ్చాయని చెప్పలేం. శాసనసభకు ఉన్న నలభై నియోజకవర్గాల్లో రోడ్డు లేని ఆదివాసీ గ్రామాలు ప్రధానంగా ఉన్నవి 37 నుంచి 40 వరకు నంబర్లున్న నాలుగే. అక్కడ పెల్టోలాకు భారీ ఆధిక్యం వచ్చింది. కానీ పోలింగు శాతం రాష్ట్ర సగటు కంటే బాగా తక్కువ. రాష్ట్ర జనాభాలో దాదాపు నలభై శాతం యాంకరేజ్ నగరంలోనే ఉంది. పేలిన్ మీద అయిష్టంతో రెండో ప్రాధాన్యం పెల్టోలాకు ఇచ్చిన నగర రిపబ్లికన్లు లేకుండా ఈ గెలుపు లేదు.

యాంకరేజ్‌వాసి | 2022 సెప్టెంబరు 4

పంతులు గారి లెక్కతో నాకు పేచీ లేదు. నేను ఇక్కడ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను, ఉద్యోగరీత్యా పశ్చిమ తీరపు గ్రామాలకు వెళ్ళి వస్తుంటాను. ‘గ్రామీణ అలాస్కా’ అని వ్యాఖ్యాతలు ఒక్క మాటలో చుట్టేస్తున్న దానిలో అసలు ఏమేం ఉన్నాయో చెప్పడం అవసరమనిపించి రాస్తున్నాను.

ఇక్కడ పల్లెలు రెండు విధాలు. యాంకరేజ్‌కు ఉత్తరాన ఉన్న మాట్-సు లోయ, దక్షిణాన ఉన్న కీనాయ్ ద్వీపకల్పం, ఫెయిర్‌బ్యాంక్స్ చుట్టుపక్కల ప్రాంతాలు మొదటి రకం. అక్కడికి రోడ్డు ఉంది, కారు ఎక్కి పెద్ద దుకాణాలకు వెళ్ళవచ్చు, జనాభాలో ఎక్కువమంది శ్వేతజాతీయులు, చాలామంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడినవారు. పేలిన్ సొంత ఊరు వసిల్లా ఉన్నది మాట్-సులోనే. అక్కడ రిపబ్లికన్ పార్టీ బలంగా ఉంది, ఈ ఎన్నికలోనూ ఆ బలం చెక్కుచెదరలేదు. అమెరికాలో ‘గ్రామీణ ఓటరు’ అనగానే వ్యాఖ్యాతల మనసులో మెదిలేది ఇటువంటి మనిషే.

రెండో రకం పల్లెలకు రోడ్డు లేదు. విమానంలో వెళ్ళాలి. వేసవిలో నది మీద పడవ, చలికాలంలో గడ్డకట్టిన నది మీద స్నోమెషీన్ నడుస్తాయి. ఇక్కడివారు దీన్ని ‘బుష్’ అంటారు. యూకాన్, కస్కోక్విమ్ నదుల ముఖద్వారాల మధ్య పరచుకున్న ప్రాంతంలో యూపిక్ ప్రజలు, ఉత్తరాన ఇన్యుపియాట్ ప్రజలు, లోపలి నదుల వెంబడి అథబాస్కన్ తెగలవారు ఉంటారు. ఇంటి తిండిలో పెద్ద భాగం చేప, దుప్పి, సీల్, పళ్ళు. పాలు, పిండి, చమురు విమానంలోనో బార్జ్‌లోనో రావాలి కనుక వాటి ధరలు మనం ఊహించే స్థాయిలో ఉండవు.

ఈ ప్రాంతంలో రెండేళ్ళుగా జరుగుతున్నది తెలియకపోతే ఈ ఓటు అర్థం కాదు. యూకాన్ నదిలోకి సాల్మన్ రావడం కుప్పకూలింది. 2021లో రాజ సాల్మన్‌తో పాటు చమ్ సాల్మన్ కూడా దారుణంగా పడిపోవడంతో, అమ్మకానికి కాదు సరికదా, ఇంటి తిండికి సైతం పట్టకూడదని ప్రభుత్వం నదిని మూసివేసింది. ఈ ఏడాదీ అదే పరిస్థితి. సెయింట్ మేరీస్ వెళ్ళినప్పుడు ఒక కుటుంబపు చేపల శిబిరం చూశాను. కొయ్యలతో కట్టిన ఆరబోత దండేలు, దాని పక్కన పొగపెట్టే గుడిసె, నేల మీద చేపలు కోసే బల్ల. దండేలు వట్టిగా ఉన్నాయి. పొగ వాసన పాత కర్రలకే అంటి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ, మనవరాళ్ళకు చేప కోయడం నేర్పే వయసు ఈ రెండేళ్ళలో దాటిపోతోందని బాధపడింది. తిండి కొరత గురించి ఆమె ఆ తర్వాతే మాట్లాడింది.

అదే సమయంలో బేరింగ్ సముద్రంలో పోలాక్ చేపల కోసం భారీ వలలు లాగే నౌకలకు, ఆ వలల్లో అనుకోకుండా సాల్మన్ పడుతున్నా, వేట ఆగలేదు. సాల్మన్ తగ్గుదలకు సముద్రం వేడెక్కడం ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. అయినా తమను మాత్రమే ఆపి వారిని ఆపకపోవడం పల్లెవాసులకు అన్యాయంగానే కనిపిస్తుంది, నాకూ అలాగే కనిపిస్తుంది. పెల్టోలా ఎన్నికల్లోకి వచ్చే ముందు కస్కోక్విమ్ నది తెగల ఉమ్మడి చేపల కమిషన్‌కు కార్యనిర్వాహక సంచాలకురాలిగా పనిచేశారు. ప్రచారంలో తనను తాను చేపల పక్షమని చెప్పుకున్నారు. ఆ మాట బెతెల్‌లో ఎలా వినిపిస్తుందో వాషింగ్టన్‌లో రాసేవారికి తెలియదు.

మంజీర | 2022 సెప్టెంబరు 5

యాంకరేజ్‌వాసి గారూ, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. అయితే ఒక సందేహం. ఆదివాసీ గ్రామాలు ఆదివాసీ అభ్యర్థికి ఓటు వేశాయి, ఇందులో చేపల పాత్ర ఎంత, తమ మనిషి అన్న భావన పాత్ర ఎంత? మన దగ్గర ఏ ఎన్నిక జరిగినా విశ్లేషకులు ముందు కులాల పట్టిక తీస్తారు. దాన్ని మనం తప్పుపడుతూనే, అది పూర్తిగా అబద్ధం కాదని ఒప్పుకుంటాం. ఇక్కడా అంతే కాదా? పైగా ఈ గ్రామాలు ఎప్పటినుంచో డెమోక్రాట్ల వైపే ఉంటే, ఇందులో పల్లె ఓటరు మనసు మారడమన్న ప్రశ్నే తలెత్తదు.

యాంకరేజ్‌వాసి | 2022 సెప్టెంబరు 6

మంజీర గారూ, తమ మనిషి అన్న భావన తప్పకుండా ఉంది. ఫలితం వచ్చిన రాత్రి ఇక్కడి ఆసుపత్రిలో నాతో పనిచేసే యూపిక్ మహిళలు ఏడ్చారు. రాష్ట్ర జనాభాలో దాదాపు ఐదో వంతు ఉన్న ప్రజల నుంచి ఇంతకాలం ఒక్కరూ కాంగ్రెస్‌కు వెళ్ళలేదంటే ఆ కన్నీళ్ళు సహజం.

కానీ ‘ఎప్పటినుంచో డెమోక్రాట్ల వైపే’ అన్నది సరికాదు. అధ్యక్ష ఎన్నికల్లో ఆ మాట చాలావరకు నిజమే. కాంగ్రెస్ ఎన్నికల్లో మాత్రం ఈ గ్రామాలు పార్టీని పక్కన పెట్టి మనిషిని చూసిన సందర్భాలు చాలా ఉన్నాయి. డాన్ యంగ్ రిపబ్లికనే అయినా ఫోర్ట్ యూకాన్‌లో బడిపంతులుగా పనిచేసినవారు, అక్కడి గ్విచిన్ తెగ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు, పల్లెల్లో ఆయనకు చివరిదాకా ఓట్లు పడ్డాయి. పెల్టోలా తండ్రి ఆయనకు స్నేహితుడు. 2010లో రిపబ్లికన్ సెనేటర్ లిసా మర్కౌస్కీ తన పార్టీ అభ్యర్థిని ఎంచే ప్రాథమిక ఎన్నికలో జో మిల్లర్ చేతిలో ఓడిపోయి, బ్యాలెట్ మీద పేరు లేకుండానే సాధారణ ఎన్నికలో నిలబడ్డారు. ఓటరు ఆమె పేరును తన చేత్తో రాయాలి. అలా సెనేట్‌కు గెలవడం 1954లో స్ట్రామ్ థర్మండ్ తర్వాత అదే మొదటిసారి. ఆ గెలుపులో ఆదివాసీ సంస్థల మద్దతు, గ్రామాల ఓటు కీలకమయ్యాయి. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడని ముసలివారికి ‘మర్కౌస్కీ’ అని అక్షరం అక్షరం రాయడం నేర్పించారు. పార్టీ జెండాకే ఓటేసే వారైతే ఆ శ్రమ పడేవారు కారు.

మరొక సంగతి. ఇక్కడ పల్లెవాసి అన్నది చట్టం గుర్తించిన హోదా కూడా. 1980లో కాంగ్రెస్ చేసిన అలాస్కా భూముల చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ భూముల్లో, నీళ్ళలో చేపలూ జంతువులూ తగ్గినప్పుడు ఇంటి తిండికి వేటాడే హక్కులో గ్రామీణులకే మొదటి వంతు. ఆదివాసీలకు మాత్రమే అని కాదు, గ్రామీణులందరికీ. రాష్ట్ర రాజ్యాంగం మాత్రం పౌరులందరికీ సమాన హక్కు అంటుంది, రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా 1989లో అదే తీర్పు చెప్పింది. అప్పటినుంచి ఒకే నదికి రెండు ప్రభుత్వాల నిబంధనలు నడుస్తున్నాయి. చేప పడవ దించే ముందు ఏ ప్రభుత్వం తెరిచింది, ఏది మూసింది అని చూసుకోవలసిన మనిషికి కాంగ్రెస్‌లో ఎవరుంటారన్నది ప్రతి వేసవిలోనూ ఇంట్లోకి వచ్చే విషయం.

గోదావరి గట్టు | 2022 సెప్టెంబరు 8

ఇదంతా చదువుతుంటే 2004 ఎన్నికలు గుర్తుకొస్తున్నాయి. తెలుగుదేశం 47 స్థానాలకు, కాంగ్రెస్ 185కు చేరిన ఆ ఫలితాన్ని ‘హైటెక్ నగరం మీద పల్లె తిరుగుబాటు’ అని దేశమంతా రాసింది. కరవు, ఆత్మహత్యలు, కరెంటు బిల్లులు నిజం. ప్రమాణస్వీకారం రోజునే ఉచిత విద్యుత్తు దస్త్రం మీద వైఎస్ సంతకం చేయడమూ నిజం. కానీ అదే ఎన్నికలో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో తెలుగుదేశం మిత్రపక్షమైన బీజేపీ ఓడిపోయింది, తెలంగాణ పల్లెల్లో ప్రత్యేక రాష్ట్రం పొత్తు పనిచేసింది. ‘పల్లె’ అన్న ఒక్క కారణం చెప్పినవారు వీటిని వదిలేశారు.

లెక్కల పంతులు | 2022 సెప్టెంబరు 8

పోలిక అంతవరకే సరిపోతుంది. అక్కడ పల్లెలే రాష్ట్రంలో అత్యధిక ఓటర్లు, ఇక్కడ బుష్ గ్రామాలు చిన్న మైనారిటీ. అలాస్కా మీదే ఉందాం.

మన్యం మాస్టారు | 2022 సెప్టెంబరు 20

నేను ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. పాడేరు ఏజెన్సీలో ఎన్నో ఎన్నికల విధులు చేశాను. పోలింగు ముందు రోజు సామగ్రి తీసుకుని, జీపు వెళ్ళేదాకా జీపులో, ఆ తర్వాత కాలినడకన కొండ ఎక్కి, బడి వరండాలో రాత్రి పడుకుని, తెల్లవారుజామున మాక్ పోల్ జరిపి ఏడింటికి పోలింగు మొదలుపెట్టేవాళ్ళం. వాగు పొంగినప్పుడు ఊరివాళ్ళే యంత్రాల పెట్టెలను నెత్తిన పెట్టుకుని దాటించారు. ఓటరు మా దగ్గరికి నడవాల్సిన దూరం రెండు కిలోమీటర్లు మించకూడదన్నది నియమం. ఆచరణలో మించిన చోట్లూ ఉన్నాయి, అది వేరే బాధ.

యాంకరేజ్‌వాసి గారిని అడగదలచుకున్నది ఇదే. రోడ్డు లేని ఊళ్ళకు పోలింగు సిబ్బంది ఎలా వెళతారు? పల్లె ఓటరు ఏం ఆలోచించాడని ఇంతమంది రాస్తున్నారు. ఆ ఓటు పెట్టెలో పడి లెక్కలోకి వచ్చిందా అన్నది ఎవరైనా రాశారా?

యాంకరేజ్‌వాసి | 2022 సెప్టెంబరు 24

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఇక్కడ సిబ్బంది బయటి నుంచి వెళ్ళరు. ప్రభుత్వోద్యోగులకు ఎన్నికల విధి అన్న నిర్బంధం లేదు. ప్రతి గ్రామంలో స్థానికులనే తాత్కాలికంగా నియమించుకుని, శిక్షణ ఇచ్చి, సామగ్రిని విమానంలో పంపుతారు. ఒప్పుకున్న మనిషికి జబ్బు చేసినా, చేపలకో వేటకో వెళ్ళినా ఆ ఊళ్ళో పోలింగు ఉండదు. ఆగస్టు 16న తునునాక్, అట్మావుత్లుయాక్ గ్రామాల్లో పోలింగు కేంద్రాలు తెరుచుకోలేదు.

తెరుచుకున్న చోట మరో చిక్కు ఉంది. చిన్న గ్రామాల్లో ఓట్లను చేత్తో లెక్కించి మొదటి ప్రాధాన్యాలను ఫోన్లో చెబుతారు. రెండో ప్రాధాన్యం లెక్కించాలంటే బ్యాలెట్ పత్రాలు స్వయంగా రాజధాని జూనో చేరాలి. తపాలా ఆలస్యమై ఆరు గ్రామాల పత్రాలు గడువులోగా అందలేదు. వారి మొదటి ఎంపిక మాత్రమే ధ్రువీకరించిన ఫలితంలో ఉంది, రెండోది లేదు. ఫలితం మారేంత సంఖ్య కాదని అధికారులు అన్నారు. అది నిజమే, కానీ ఆ ఊరివారికి అది సమాధానం కాదు.

అన్నిటికంటే పెద్ద నష్టం జూన్ 11న జరిగిన ప్రాథమిక ఎన్నికలో జరిగింది. నలభై ఎనిమిది మంది అభ్యర్థులున్న ఆ ఎన్నికను వ్యవధి లేక పూర్తిగా తపాలా ద్వారా నడిపారు. కవరు వెనక ఓటరు సంతకం, గుర్తింపు సంఖ్య, వాటితో పాటు ఒక సాక్షి సంతకం ఉండాలి. 2020లో కొవిడ్ కారణంగా న్యాయస్థానం ఆ సాక్షి నిబంధనను నిలిపివేసింది, ఈసారి అది తిరిగి వచ్చింది. రాష్ట్రమంతటా సుమారు 7,500 ఓట్లు తిరస్కరణకు గురయ్యాయి. అది మొత్తంలో నాలుగున్నర శాతం. బెతెల్ ప్రాంతంలో మాత్రం దాదాపు పదిహేడు శాతం. సంతకం మరిచిపోయిన ఓటరును పిలిచి సరిదిద్దుకోమనే ఏర్పాటు అలాస్కాలో లేదు. ఆ ఎన్నికలో పెల్టోలా పది శాతం ఓట్లతో నాలుగో స్థానంలో ఉన్నారు, తర్వాతి దశకు వెళ్ళేది నలుగురే. ఆమె సొంత ప్రాంతంలో ఆరింట ఒక ఓటు చెత్తబుట్ట పాలైన ఎన్నికలో ఆమె ఆ గీత దాటారు.

భాష సంగతి కూడా చెప్పాలి. యూపిక్, గ్విచిన్ భాషల్లో ఎన్నికల సమాచారం ఇవ్వడం లేదని గ్రామాలవారు కేంద్ర న్యాయస్థానానికి వెళ్ళి 2014లో గెలిచారు. తీర్పు వచ్చింది, అమలు ఇంకా అరకొరగానే సాగుతోంది.

మంజీర | 2022 సెప్టెంబరు 25

నా ప్రశ్నకు ఇందులోనే జవాబు దొరికింది. తక్కువ పోలింగు శాతాన్ని చూసి ‘ఆదివాసీ ఓటరుకు ఆసక్తి లేదు’ అని రాసిన వ్యాసం ఒకటి నిన్ననే చదివాను. కేంద్రం తెరవకపోవడం, కవరు తిరస్కరించడం, విమానం రాకపోవడం అన్నీ కలిపి ఓటరు నిరాసక్తత ఖాతాలో వేయడం అన్యాయం.

కొలంబియా ఒడ్డు | 2022 నవంబరు 21

నేను వాషింగ్టన్ రాష్ట్రపు వాంకూవర్‌లో ఉంటాను. నది దాటి హిల్స్‌బరో వైపు ఉద్యోగానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు మా పరిసరాల్లో చాలా ఉన్నాయి. మా మూడో కాంగ్రెస్ స్థానంలో ఈ నెల ఇంతకంటే పెద్ద ఆశ్చర్యం జరిగింది. డెమోక్రాట్ మేరీ గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్ మూడు వేల లోపు ఆధిక్యంతో ట్రంప్ బలపరచిన జో కెంట్‌ను ఓడించారు. ఆమె, ఆమె భర్త కలిసి కార్ల మరమ్మతు దుకాణం నడుపుతారు, స్కమేనియా కౌంటీలో అడవి అంచున ఉంటారు. ఎన్నికల అంచనాలు వేసే ఫైవ్‌థర్టీఎయిట్ వెబ్‌సైటు ఆమెకు నూటికి రెండు వంతుల అవకాశమే ఇచ్చింది.

ఇక్కడ కూడా ‘పల్లె మెకానిక్‌ను పల్లె గెలిపించింది’ అన్న కథ మొదలైంది. ఆమె రంపపు మిల్లుల గురించి, రైతు తన ట్రాక్టరును తానే బాగుచేసుకునే హక్కు గురించి మాట్లాడిన మాట నిజం. అడవి కొట్టివేతపై 1990ల్లో వచ్చిన ఆంక్షలతో మిల్లులు మూతపడిన ఊళ్ళలో అలాంటి మాట మాట్లాడే డెమోక్రాట్ కనిపించడం అరుదు. కానీ లూయిస్, కౌలిట్జ్ కౌంటీల్లో కెంటే ముందున్నారు. ఆమెను గట్టెక్కించింది మేముండే క్లార్క్ కౌంటీ. ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పాత రిపబ్లికన్ సభ్యురాలు హెరెరా బాట్లర్ ఆగస్టు ప్రాథమిక ఎన్నికలోనే ఇంటికి వెళ్ళారు. ఆమెను అభిమానించే శివారు ఓటర్లలో కొందరు కెంట్‌కు వేయలేకపోయారు. పల్లెల్లో గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్ చేసింది ఓటమి అంతరాన్ని తగ్గించడం. అది చిన్న పని కాదు, కానీ పల్లె మారిపోయిందని అనడానికి అది చాలదు.

లెక్కల పంతులు | 2022 నవంబరు 24

అలాస్కా సాధారణ ఎన్నిక ఫలితం నిన్న వచ్చింది. పెల్టోలా ఈసారి సుమారు 55 శాతంతో గెలిచారు, ఎదుట మళ్ళీ పేలిన్, బెగిచ్‌లే. ఆగస్టులో గెలిచింది గాలివాటుగా కాదని దీనితో తేలింది. రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి అంశం ఒక్కటే నాకు కనిపిస్తోంది. ఎదుటి పార్టీ తన మద్దతుదారుల్లోనే కొందరు భరించలేని అభ్యర్థిని నిలబెట్టింది. ఆ అభ్యర్థి మారిన రోజు ఏమవుతుందో చూడాలి.

లెక్కల పంతులు | 2024 నవంబరు 22

రెండేళ్ళ తర్వాత ఈ చర్చను మళ్ళీ తెరుస్తున్నాను. మొన్నటి లెక్కింపులో నిక్ బెగిచ్ సుమారు రెండున్నర శాతం తేడాతో పెల్టోలాపై గెలిచారు. ఈసారి పేలిన్ లేరు. ఆగస్టు ప్రాథమిక ఎన్నికలో మూడో స్థానంలో వచ్చిన రిపబ్లికన్ లెఫ్టినెంట్ గవర్నర్ నాన్సీ డాల్‌స్ట్రమ్ పోటీ నుంచి తప్పుకొని పార్టీ ఓటు చీలకుండా చేశారు. ఈ బెగిచ్ తాతగారు డెమోక్రాట్, ఇదే స్థానపు సభ్యుడిగా ఉండగా 1972లో విమానంతో సహా కనిపించకుండా పోయారు. ఆ ఖాళీలోకే డాన్ యంగ్ వచ్చారు. మరోపక్క ప్రాధాన్య ఓటు విధానాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన 750 లోపు ఓట్ల తేడాతో వీగిపోయేలా ఉంది.

అధ్యక్ష పదవికి ట్రంప్ రాష్ట్రంలో పదమూడు శాతం ఆధిక్యం సాధించగా, పెల్టోలా రెండున్నరతో ఓడిపోయారు. తన పార్టీ అధ్యక్ష అభ్యర్థి కంటే ఇంత ముందు నడిచిన మనిషిని గ్రామాలు తిరస్కరించాయని రాయడం నా దృష్టిలో సరైన పఠనం కాదు.

గోదావరి గట్టు | 2024 నవంబరు 23

అలా రాస్తూనే ఉన్నారు. ‘ఆదివాసీ పల్లెలూ కుడివైపు మళ్ళాయి’ అని ఈ ఉదయమే ఒక వ్యాసం చదివాను. యాంకరేజ్‌వాసి గారు ఇంకా ఈ చర్చ చూస్తున్నారా?

యాంకరేజ్‌వాసి | 2024 నవంబరు 25

చూస్తున్నాను. ఆ వ్యాసంలో కొంత నిజం ఉంది. పశ్చిమ, ఉత్తర గ్రామాల్లో ట్రంప్‌కు పడిన ఓటు వాటా 2020 కంటే పెరిగింది. దీన్ని దాచవలసిన పని లేదు. చమురు, కిరాణా ధరలు కొవిడ్ తర్వాత ఎక్కడైనా పెరిగాయి, విమానంలో వచ్చే చోట ఇంకా పెరిగాయి. సాల్మన్ తిరిగి రాలేదు. యూకాన్ మీద రాజ సాల్మన్ వేటను ఏడేళ్ళ పాటు నిలిపివేయాలని ఈ ఏప్రిల్‌లో అలాస్కా, కెనడా అధికారులు ఒప్పందం చేసుకున్నారు. చేపల పక్షమని చెప్పి గెలిచిన సభ్యురాలు వలల నౌకలను నియంత్రించే బిల్లులు పెట్టారు కానీ అవి చట్టం కాలేదు. రెండేళ్ళలో ఖాళీ దండేలు ఖాళీగానే ఉన్న ఇంట్లో పోలింగు రోజున ఎవరు ఏమనుకుంటారో ఊహించవచ్చు.

ఉత్తర తీరపు కథ వేరు. అక్కడి స్థానిక ప్రభుత్వమైన నార్త్ స్లోప్ బరో ఆదాయంలో అత్యధిక భాగం చమురు సంస్థల ఆస్తిపన్ను నుంచే వస్తుంది. బడులు, ఆసుపత్రులు, కుళాయి నీళ్ళు ఆ డబ్బుతోనే నడుస్తాయి. విల్లో చమురు ప్రాజెక్టుకు 2023 మార్చిలో బైడెన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, దానికోసం పెల్టోలా గట్టిగా పనిచేశారు. ఆ తర్వాత అదే ప్రభుత్వం ఆర్కిటిక్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయంలోని చమురు లీజులను రద్దు చేసింది, ఇన్యుపియాట్ నాయకుల్లో చాలామందికి కోపం వచ్చింది. అక్కడి కారిబూ (ధ్రువపు జింక) మందలపై ఆధారపడి జీవించే గ్విచిన్ ప్రజలు మాత్రం ఆ మందల కోసం చమురు తవ్వకాలను దశాబ్దాలుగా వ్యతిరేకిస్తున్నారు. ఇద్దరూ ఆదివాసీలే, ఇద్దరూ రోడ్డు లేని పల్లెలవారే, ఒకే అభ్యర్థిని రెండు కోపాలతో చూస్తారు.

మన్యం మాస్టారు | 2024 నవంబరు 26

మరి పోలింగు కేంద్రాల పరిస్థితి ఈ రెండేళ్ళలో మెరుగుపడిందా అమ్మా?

యాంకరేజ్‌వాసి | 2024 నవంబరు 27

లేదు మాస్టారూ. ఆర్కిటిక్ తీరంలో కాక్టోవిక్ అనే ఇన్యుపియాట్ గ్రామం ఉంది, ఇప్పుడు చెప్పిన చమురు వివాదానికి కేంద్రం అదే. ఈ ఆగస్టు ప్రాథమిక ఎన్నికలో పోలింగు నడిపే మనిషి దొరకక అక్కడ కేంద్రం తెరుచుకోలేదు. పని కోరేవారు రావాలని ఊళ్ళో ముందే ప్రకటన అంటించినా ఎవరూ రాలేదట. సాక్షి సంతకం నిబంధన అలాగే ఉంది. దాన్ని తొలగించి, తప్పులు దిద్దుకునే అవకాశం ఇచ్చే బిల్లు ఈ ఏడాది శాసనసభలో గడువు ముగిసేలోగా ఆమోదం పొందలేదు. మీ ఏజెన్సీ విధుల గురించి రాసింది నా సహోద్యోగినికి అనువదించి చెప్పాను. గవర్నమెంటు మేష్టర్లు కొండ ఎక్కి ఒక ఊరి కోసం వస్తారా అని ఆమె రెండుసార్లు అడిగింది. బడులకు ప్రతి గ్రామంలోనూ ఉపాధ్యాయులు ఉన్నారు కదా, వారికే ఆ రోజు ఈ పని అప్పగించి, వేతనమూ శిక్షణా ఇస్తే ఎలా ఉంటుందో తమ తెగ మండలిలో అడుగుతానంది. మీరు చేసిన విధికి ఉత్తర్వులు ఏ అధికారి ఇచ్చేవారు, నిరాకరిస్తే ఏమయ్యేది, దారిఖర్చులు ఎవరు భరించేవారు అన్న వివరాలు వీలైతే ఇక్కడే రాయండి. ఆమెకు అందజేస్తాను.